సూదిమందు మామ్మ అరుగు

రాష్ట్రం రెండు ముక్కలవుతుందా అవదా అని ఊరంతా టీవీల ముందు కూర్చున్న ఆ రోజుల్లో నాకు బతికున్నవాళ్ళ గొడవ అస్సలు పట్టేది కాదు. పోయినవాళ్ళు ఎక్కడెక్కడ, ఏయే తీరున పడుకున్నారన్నదే నా ధ్యాస. గొప్పకి చెప్పుకోవడం లేదు, సిగ్గుపడుతూనే చెబుతున్నాను. ఇరవై మూడేళ్ళ వయసు, చరిత్రలో ఎమ్మే పట్టా, గజపతినగరంలో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో లెక్చరర్ ఉద్యోగం (నా క్లాసులో పదకొండుమంది, వాళ్ళలో ముగ్గురు నిద్రపోవడానికే వచ్చేవారు), చేతిలో కొత్తగా కొన్న కెమెరా ఫోను. ఇవన్నీ ఒకచోట చేరాక మనిషి కుదురుగా కూర్చుంటుందా? తోటి ఆడపిల్లలు ఆదివారం పూట విజయనగరం వెళ్ళి సినిమాలు చూస్తుంటే నేను సమాధులు చూడ్డానికి బయల్దేరేదాన్ని. మామూలు సమాధులైతే నా కంటికి ఆనేవి కాదు. ఏదో ఒక వింత ఉండాలి, చూస్తే ఒళ్ళు జలదరించాలి. చూసొచ్చినవాటి గురించి రాయడానికి ఫేస్‌బుక్కులో ఒక పేజీ కూడా పెట్టాను. దాన్ని మెచ్చుకునేవాళ్ళలో సగంమంది మా చుట్టాలు, మిగతా సగం మా కాలేజీ పిల్లలు, హాజరు పడదేమోనన్న భయంతో.

మా అమ్మకి ఈ తిరుగుళ్ళు బొత్తిగా గిట్టేవి కావు. "ఒసే, పెళ్ళి కావలసిన గుంటవి. గోరీలట్టుకుని తిరుగుతన్నావని తెలిస్తే ఏ సంబంధం వస్తాదే నీకు? మీ నాన్నకి సెప్పుకుంటే నవ్వుతాడు, దేవుడికి సెప్పుకుంటే ఇనడు" అని గుమ్మంలో నిలబడి దండకం చదివేది. నేను తిరిగొచ్చేసరికి పెరట్లో బకెట్టు నిండా పసుపునీళ్ళు సిద్ధంగా ఉండేవి. నెత్తిమీంచి పోసుకుంటే గానీ ఇంట్లోకి రానిచ్చేది కాదు. చలికాలంలో నేను నిజంగా భయపడింది ఏ దెయ్యానికీ కాదు, ఆ బకెట్టుకే.

నన్ను బండి మీద తిప్పేవాడు మా బావ. మేనమామ కొడుకు, గజపతినగరం సంతవీధిలో ఎరువుల కొట్టు. నాకేమో తిరగాలని, ఆయనకేమో నాతో తిరగాలని. అంతవరకూ బాగానే ఉండేది గానీ దెయ్యాలంటే మాత్రం ఆయనకి ప్రాణాలు పోయేంత భయం. పంటు జేబులో ఎప్పుడూ ఒక నిమ్మకాయ ఉండేది. "ఇదెందుకు బావా?" అంటే, "ఎండల్లో తిరుగుతన్నాం కదేటి, దాహమేస్తే పిండుకుందుకి" అనేవాడు. ఒక్కసారీ పిండుకున్నది లేదు. (ఆయనే ఇప్పుడు మా ఆయన. ఇది అచ్చయ్యాక చదివి నిమ్మకాయ సంగతి ఎందుకు రాశావంటాడు. రాయక ఏం చెయ్యను?)

ఇద్దరం కలిసి చాలానే చూశాం. భీమిలిలో డచ్చివాళ్ళ సమాధులు చూసి, వాటి మీద చెక్కిన పుర్రె బొమ్మలు వెతుకుతూ ఎండలో మాడాం. రామతీర్థం కొండ మీద బౌద్ధుల స్తూపం చుట్టూ తిరుగుతూ, దీని కింద భిక్షువుల అస్థికలు ఉండి ఉండొచ్చని నేను ఉపన్యాసం ఇస్తుంటే బావ చెప్పులు విప్పి చేత్తో పట్టుకుని, "ముందే సెప్పాల కదే, తొక్కీసినాను" అని లెంపలు వేసుకున్నాడు. సీతంపేట కొండల్లో సవరలు పోయినవాళ్ళ పేరున రాళ్ళు నిలబెడతారని విని అక్కడికీ వెళ్ళాం. అలిసిపోయి ఆ రాళ్ళలో ఒకదానికి వీపు ఆన్చి పులిహోర పొట్లం విప్పాను. కట్టెలమోపుతో అటు పోతున్న ఒకావిడ ఆగి, ఏమాత్రం కోపం లేకుండా, "కొంచెం జరుగమ్మా, మా మావని ఆనుకున్నావు" అంది. బావ గబుక్కున లేచి ఆ రాతికి దండం పెట్టాడు. నేను మాత్రం భలే మాట దొరికిందని సంబరపడ్డాను. ఆవిడకి ఎలా ఉంటుందో అన్న ఆలోచన నాకు రాలేదు. అప్పుడే వచ్చి ఉంటే ఇవాళ ఇది రాయాల్సిన అవసరం ఉండేది కాదు.

ఈస్టరుకి ముందు వారం. బావ కొట్టుకి యూరియా కోసం వచ్చిన రైతు ఒకాయన, తమ ఊళ్ళో ఒకప్పటి మిషన్ ఆసుపత్రి వెనక గోరీల దొడ్డి ఉందనీ, అందులో వందేళ్ళనాటి దొరల గోరీలున్నాయనీ చెప్పాడట. ఇంకేం కావాలి! మధ్యాహ్నం రెండింటికి అక్కడ దిగాం. జీడిమామిడి చెట్లు, కూలిన ప్రహరీ గోడ, లోపల వరసలు వరసలుగా సిలువలు. మనిషన్నవాడు లేడు. దొరల గోరీలు గోడ పక్కన పాచి పట్టి ఉన్నాయి, వాటి మీద పేర్లు కూడా సరిగ్గా కనబడ్డం లేదు. నేను నిరాశపడి వెనక్కి తిరుగుతుంటే మూడో వరసలో కనిపించిందండీ వింత. ఒక తెల్లటి సమాధి, దాని పక్కనే ఒక రాతి పలక, ఆ పలక మీద వెల్లకిలా పడుకున్న ఒక ముసలమ్మ విగ్రహం. తెల్లచీర, తెల్లటి చేతులు, తెల్లటి మొహం, గుండెల మీద చేతులు జోడించి, కళ్ళు మూసుకుని. నా ఆనందం చెప్పనలవి కాదు. "పాలరాయి బావా! దొరలు వాళ్ళ దేశం నుంచి తెప్పించుంటారు. ఆ చీర మడతలు చూడు, ఎంత నాజూగ్గా చెక్కాడో! ఆ పాదాల మీద పగుళ్ళు చూడు!" అంటూ మూడు ఫోటోలు తీశాను. దొరలకి చీర మడతలెందుకన్న ప్రశ్న ఎమ్మే చదివిన బుర్రకి తట్టలేదు. బావ పది గజాల దూరంలో నిలబడి, "తీసీసినావు కదా, ఎల్లిపోదాం రా" అంటున్నాడు. నేను వినలేదు. ఇది పాలరాయా, మామూలు సున్నపురాయా అని తేల్చుకోవడానికి వంగి ఆ విగ్రహం కాలి బొటనవేలిని గోటితో గీకాను.

"ఏటమ్మా? ఏటి కావాలి నీకు?" అంది విగ్రహం.

ధైర్యంగా నిలబడ్డానని రాసుకోవాలని ఉంది. నిలబడిన మాట నిజమే గానీ నా చున్నీ వెనక గోరీ సిలువకి చిక్కుకుంది, అందుకని నిలబడ్డాను. బావ అప్పటికే గోడ అవతల ఉన్నాడు. బండి తాళం నా సంచిలో ఉండిపోవడంతో బండిని తోసుకుంటూ రోడ్డుదాకా పరిగెత్తాడని తరవాత తెలిసింది. ముసలమ్మ లేచి కూర్చుని చేతులకంటిన సున్నం దులుపుకుంటుంటే అప్పుడు కనబడ్డాయి నాకు, పక్కనే సున్నం బకెట్టు, ఈతకుంచె. పండగకి గోరీకి సున్నం వేసి, ఒళ్ళంతా చిందించుకుని, అలసి నడుం వాల్చిన మనిషన్నమాట. నా వాలకం చూసి ఆవిడ పళ్ళు లేని నోటితో ఒకటే నవ్వు.

"ఆ పారిపోయినోడు మీ ఆయనా?"

"కాదండీ, మా బావ."

"అయితే సేసుకో బేగి. పరిగెత్తీవోడు మంచోడేనమ్మా, కలబడీవోడితోటే కష్టం" అని చెంబుతో మంచినీళ్ళిచ్చింది.

ఆవిడ ఆ మిషన్ ఆసుపత్రిలో ముప్పైనాలుగేళ్ళు నర్సు. చుట్టుపక్కల పది ఊళ్ళలో ఆవిడ చేత సూది పొడిపించుకోని మనిషి లేడు, అందుకని అందరికీ సూదిమందు మామ్మ. (బావ కాసేపటికి భయం భయంగా వెనక్కి వచ్చి, ఆవిణ్ణి చూసి గుర్తుపట్టి, మళ్ళీ రెండడుగులు వెనక్కి వేశాడు. చిన్నప్పుడు కుక్క కరిస్తే బొడ్డు చుట్టూ సూదులు పొడిచింది ఈవిడేనట. దెయ్యమే నయమనిపించిందన్నాడు.) ఆ తెల్లటి సమాధి మామ్మ భర్తది. అదే ఆసుపత్రిలో కాంపౌండరు. మరి పక్కనున్న ఈ పలక ఏమిటి మామ్మా అని అడిగాను. అడగకుండా ఉండాల్సింది.

"ఇదా? ఇది నాదమ్మా" అంది, మంచం చూపించినట్టు పలక మీద చెయ్యి వేసి. "ఆయనకి పగలు డ్యూటీ, నాకు రాత్రి డ్యూటీ. పిల్లలున్నోళ్ళకి పగలు డ్యూటీ ఇయ్యాలనీవోరు, మాకు పిల్లల్లేరు. ఆయన ఇంటికొచ్చీసరికి నాను బయల్దేరీదాన్ని. గేటు కాడ ఎదురుపడీవోళ్ళం. 'అన్నం మూతెట్టినాను' అనీదాన్ని. 'గొడుగట్టుకెళ్ళు' అనీవోడు. అదేనమ్మా మా కాపరం. రిటైరయ్యేక తీరిగ్గా ఒక దగ్గర కూకుందుము కదా అనుకున్నాం. రిటైరైన ఎనిమిదో నెలకి పోనాడు. సచ్చేకైనా ఆయన పక్కని తొంగోవాలని ఇది కట్టించినాను. ఏటేటా సున్నమేసేక ఒకసారి తొంగుని కొలత సూసుకుంటాను. నాను పొట్టయిపోతన్నాను, ఇది పొడుగయిపోతన్నాది."

"ఇలా ముందే కట్టించుకోనిస్తారా?"

"అయ్యో, ఎక్కడ! దొడ్డిలో సోటు లేదు కదేటి. పోయినోళ్ళని పోయినట్టు వరసలో పెట్టాల, ముందుగా పట్టుకోడం కూడదని మా చర్చి సంఘం రూలు. ఇది కూకోడానికి అరుగన్నట్టు. పైని నాపరాయి, కిందన మట్టే. పదకొండేళ్ళయినాది. సున్నాలకొచ్చినప్పుడు సంఘపెద్దలు దీని మీదే కూకుని టీ తాగుతారు. కూకోడానికి ఆరడుగుల పొడుగెందుకమ్మా? అందరికీ తెలుసు. ఎవరూ అనరు."

ఈ చివరి రెండు మాటలూ నా చెవిన పడ్డాయి. మొదటిది తలకెక్కింది, రెండోది ఎక్కలేదు. అందరికీ తెలిసిందే కదా, ఇంక దాపరికం ఏముంది అనుకున్నాను. తెలియడం వేరు, అనడం వేరు. ఆ రెంటి మధ్యనున్న సందులోనే ఆ ముసలమ్మ అరుగు నిలబడి ఉందని నాకు ఎవరు చెబుతారు? చెప్పినా వినే రకాన్నా?

ఆ సాయంత్రం పసుపునీళ్ళు పోసుకుని తల తుడుచుకోకుండానే రాయడానికి కూర్చున్నాను. శీర్షిక 'తన గోరీ మీదే కునుకు తీసే అవ్వ'. 'మృత్యువును తలగడగా చేసుకుని' అన్న ముక్క కూడా రాశాను, ఇప్పుడు తలుచుకుంటే చెవులు కాలతాయి. సంఘం రూలు గురించి, పెద్దల టీ గురించి, ఆరడుగుల పొడుగు గురించి, అన్నీ పొల్లుపోకుండా రాశాను. ఎందుకంటే కథకి అవే కదా ప్రాణం! ఫేస్‌బుక్కులో పెడితే ఎప్పుడూ లేనిది వందలమంది పంచుకున్నారు. ఆ ఊపులో ఒక దినపత్రిక జిల్లా పేజీకి పంపాను. ఈస్టరు వెళ్ళిన రెండో ఆదివారం ఫోటోతో సహా వేశారు. మా ప్రిన్సిపాలు స్టాఫు రూములో అందరికీ చదివి వినిపించారు. శ్మశానాల పేరెత్తితే మండిపడే మా అమ్మ నాలుగు కాపీలు కొనిపించి వీధంతా చూపించింది, 'గోరీ' అన్న మాట దగ్గర మాత్రం వేలు అడ్డం పెట్టి. ఆ వారం రోజులు నేను నేల మీద నడవలేదు.

తరవాతి సోమవారం ఒక పెద్దాయన కాలేజీకి వచ్చారు. తెల్ల చొక్కా, మందపాటి కళ్ళజోడు, చేతిలో గొడుగు. రిటైరైన హెడ్మాస్టారు, ఆ ఊరి చర్చిలో సంఘపెద్ద. పొగడ్డానికి వచ్చారనుకుని కుర్చీ వేయించాను. ఆయన కూర్చోలేదు. జేబులోంచి మడత పెట్టిన పేపరు తీసి, "ఇది రాసింది మీరేనామ్మా?" అన్నారు. అవునండీ అన్నాను, పళ్ళన్నీ కనబడేలా.

"బాగా రాసినారు. తప్పొక్కటీ లేదు. పదకొండేళ్ళుగా ఆ అరుగు మీద కూసుని టీ తాగుతన్నాం. మాకు తెలీదనుకున్నారేటమ్మా? తెలీనట్టున్నాం. ఇప్పుడు పేపర్లో ఏసీసినారు. ఇంకెలాగ తెలీనట్టుంటాం, సెప్పండి? పొద్దున్న మా ఇంటికి ఏడు కుటుంబాలొచ్చినాయి. మా అమ్మ పక్కన మాకూ ఓ అరుగు కట్టుకోనీండి, మా అన్న పక్కన మాకూ ఓ అరుగు. లేదంటే ఆవిడ అరుగు తీసీండి అంటన్నారు. ఆళ్ళదీ తప్పు కాదు."

నేను ఊహించి రాశానని, అది ఉత్తి అరుగేనని సవరణ వేయిస్తానన్నాను. ఆయన జాలిగా చూశారు. "ముందు నిజం రాసి పాడుసేసినారు. ఇప్పుడు అబద్ధం రాసి బాగుసేస్తారా? వచ్చే ఆదివారం ఆరాధన అయ్యేక సంఘం కూసుంటాది. మీరు రాకపోయినా ఫర్వాలేదు" అని వెళ్ళిపోయారు.

వెళ్ళాను. బావ కూడా వచ్చాడు. చర్చిలో ఆఖరి బల్ల మీద, నుదుట కుంకుమబొట్టుతో బావ, పక్కన తల ఎత్తకుండా నేను. బావకి ప్రార్థన ఎప్పుడు ముగుస్తుందో తెలియక మధ్యమధ్యలో గట్టిగా ఆమేన్ అంటుంటే ముందు బల్లలవాళ్ళు వెనక్కి తిరిగి చూస్తున్నారు. ఇంకెప్పుడైనా అయితే పొట్ట చెక్కలయ్యేలా నవ్వేదాన్ని. ఆరాధన అయింది. మామ్మ మొదటి బల్ల మీద ఇస్త్రీ చేసిన తెల్లచీరలో కూర్చుని ఉంది. హెడ్మాస్టారు లేచారు. ఆయన ప్రశ్న అడిగిన తీరు నాకిప్పటికీ గుర్తుంది. ఏడేళ్ళ పిల్లకి పరీక్షలో జవాబు అందిస్తున్నట్టు, ఒక్కో మాటా నొక్కి పలుకుతూ అడిగారు.

"మామ్మా, ఆ అరుగు నువ్వు కూసోడానికి కట్టించుకున్నావు. అంతే కదా?"

అరుగు తీసెయ్యమన్న ఏడు కుటుంబాలవాళ్ళు కూడా, నాకు తెలుసు, ఆవిడ ఔననాలనే చూస్తున్నారు. ఒక్క 'ఔను' చాలు. హెడ్మాస్టారు పుస్తకంలో అరుగు అని రాసుకుంటారు, అందరూ ఇంటికి పోయి అన్నాలు తింటారు, మళ్ళీ ఏడాది అదే అరుగు మీద కూర్చుని టీ తాగుతారు. నేను కళ్ళు మూసుకుని, ఏ దేవుడైతే ఏమని, ఔననిపించమని మొక్కుకున్నాను.

మామ్మ లేచి నిలబడింది. "కాదు బాబూ. తొంగోడానికే కట్టించినాను" అంది.

"అది కాదు మామ్మా, మరోసారి ఆలోసించి..."

"పదకొండేళ్ళూ ఎవరూ అడగలేదు, అబద్ధమాడే పని పడలేదు. ఇప్పుడు దేవుడి ఇంట్లో నిలబెట్టి అడిగినారు. కూకోడానికని ఎలాగంటాను?" అని మళ్ళీ కూర్చుంది.

నేను ఆగలేక లేచి, "తప్పు నాదండీ, ఆవిడ నాతో అలా అనలేదు, నేనే కల్పించాను" అని అరిచాను. హెడ్మాస్టారు నావైపు చూడను కూడా లేదు. "మీరూరుకోండమ్మా" అన్నారు. కళ్ళజోడు తీసి చాలాసేపు తుడుచుకున్నారు. తరవాత, రూలు అందరికీ ఒకటేనని చెప్పి పుస్తకం మూసేశారు. ఎవరూ ఎవరి మొహమూ చూడలేదు. నన్ను తిట్టి ఉంటే బాగుండేది, కనీసం ఒక్కరైనా. బయట చెప్పులు వేసుకుంటుంటే ఒకావిడ దగ్గరికొచ్చి, దూరం నుంచి వచ్చారు కదా భోంచేసి వెళ్ళండమ్మా అంది. ఆ మర్యాదకి నాకు ఏడుపు ఆగలేదు. ఇంటి దగ్గర దింపుతూ బావ, "ఇంకెప్పుడైనా గోరీలకెళ్దామంటే నన్ను పిలవకు" అన్నాడు. ఆ రాత్రే ఫేస్‌బుక్కు పేజీ తీసేశాను. ఏం లాభం, పేపరుని తీసెయ్యలేను కదా.

అరుగు పగలగొట్టిన రోజున మామ్మే మేస్త్రీకి మంచినీళ్ళిచ్చిందట. నాపరాయి విరక్కుండా తీయించి ఇంటికి పట్టుకుపోయిందట. నాకు వెళ్ళి ఆవిడ మొహం చూసే ధైర్యం లేకపోయింది. ఇవాళ కాదు రేపు, రేపు కాదు ఎల్లుండి అనుకుంటూ ఏడాది నెట్టుకొచ్చాను. ఈలోగా ఆ ఊళ్ళో ఎవరో పోయారు, వరస ప్రకారం ఆ చోటు వాళ్ళకి ఇచ్చారని బావ చెప్పాడు. మళ్ళీ ఈస్టరు ముందు వారం వచ్చింది. ఇక ఉండబట్టలేక, బస్సెక్కి ఒక్కదాన్నే వెళ్ళాను. మామ్మ గోరీల దొడ్డిలోనే ఉంది. ఆయన గోరీకి సున్నం వేసేసి, పక్కనున్న కొత్త గోరీకి వేస్తోంది.

నన్ను చూడగానే కుంచె బకెట్టులో పెట్టి, "రా అమ్మా, ఎన్నాళ్ళకి! నువ్వు రాసింది సదివించుకున్నాను. ఫోటోలో బాగా పడ్డాను. ఒక్కటే తప్పు. నాకు డెబ్బైఎనిమిదని రాసినావు, డెబ్బైనాలుగే" అంది. నేను ఆవిడ కాళ్ళ దగ్గర కూలబడ్డాను. క్షమించమని అడిగాను, ఏడ్చాను, ఏవేవో అన్నాను. ఆవిడ నా తల మీద సున్నపు చెయ్యి వేసి, "ఊరుకో. తెలీక సేసినావు. అడిగినోళ్ళకి నానే కదా సెప్పుకున్నాను" అంది. ఆవిడ ఒక్కసారి విసుక్కున్నా నాకు కొంత తేలికయ్యేది. విసుక్కోలేదు.

"ఈ గోరీ ఎవరిది మామ్మా?" అన్నాను, ఏదో ఒకటి మాట్లాడాలని.

"పై వీధిలో టీచరమ్మది. మా ఆయనకీ ఈవిడకీ బతికుండగా మాటల్లేవు. ఆడోళ్ళ వార్డు సాయలకి ఎళ్ళమంటే సిగ్గుపడిపోయీవోడు, ఇప్పుడు సూడు పక్కని ఎవర్ని తెచ్చుకున్నాడో" అని నవ్వింది. నేను నవ్వలేకపోయాను. "ఆవిడ కొడుకులు సూరత్‌లో ఉన్నారు. సున్నాలకి రాలేదు. మరి ఈవిడది మాసిపోయి కనబడతాంటే పక్కనున్న ఆయనకి సిన్నతనం కదేటి. అందుకని ఏస్తన్నాను." అలా అని మళ్ళీ కుంచె అందుకుంది. నేను అడిగి కుంచె తీసుకున్నాను. నాకు సున్నం వెయ్యడం రాదు. చారలు చారలుగా వేశాను. ఆవిడ వెనకే మళ్ళీ వేసుకుంటూ వచ్చింది.

ఆ తరవాత ఏటేటా వెళ్ళాను. పెళ్ళయ్యాక బావా వచ్చేవాడు, ఎందుకో చెప్పకుండానే. పాత దొడ్డి నిండిపోతే సంఘంవాళ్ళు రోడ్డుకి అవతల కొత్త దొడ్డి కొన్నారు. భోగాపురంలో విమానాశ్రయం ఇదిగో వస్తోంది, అదిగో వస్తోంది అంటున్న ఒక శీతాకాలం పొద్దున్న, మామ్మ పోయిందని బావ కొట్టుకి కబురొచ్చింది. మేం వెళ్ళేసరికి పెట్టె కొత్త దొడ్డిలోకి తెచ్చారు. అక్కడ అప్పటికి ఎనిమిదో తొమ్మిదో గోరీలున్నాయి, అన్నీ లోపల నూతి దగ్గర ఒక వరసలో. మామ్మకి తవ్విన గొయ్యి మాత్రం ఆ వరసలో లేదు. దానికి పూర్తిగా ఇటు చివర, గేటుని ఆనుకుని, రోడ్డు పక్కన ఒంటరిగా తవ్వారు. తలెత్తి చూస్తే రోడ్డుకవతల పాత దొడ్డి కూలిన గోడ, ఆ గోడ సందులోంచి తిన్నగా మూడో వరసలో కాంపౌండరుగారి తెల్ల గోరీ. మధ్యలో బొబ్బిలి వైపు పోయే లారీలు. నేను చూశాను. అక్కడున్న ప్రతివాళ్ళూ చూశారు. హెడ్మాస్టారు పాటల పుస్తకం పట్టుకుని గొయ్యి పక్కన నిలబడి ఉన్నారు. బాగా ముసలాయన అయిపోయారు.

మామ్మ చెల్లెలి అల్లుడట, విశాఖపట్నం నుంచి వచ్చిన ఒకాయన నా పక్కన నిలబడ్డాడు. అటూ ఇటూ చూసి, నాతో, "వరస అక్కడుంటే ఈవిణ్ణి ఇలా విడిగా పెడుతున్నారేమిటండీ? ఏదైనా కారణముందా?" అన్నాడు. ఆయన గట్టిగానే అన్నాడు. పాడబోతున్నవాళ్ళు ఆగారు. హెడ్మాస్టారు తలెత్తి నావైపు చూశారు. బావ నా మోచెయ్యి పట్టుకున్నాడు.

"నాకు తెలీదండీ" అన్నాను.

హెడ్మాస్టారు పుస్తకం తెరిచి పాట అందుకున్నారు. ఇంత చెప్పి ఊరి పేరు మాత్రం చెప్పలేదని మీరు గమనించే ఉంటారు, అడగకండి. పాలరాయి అనుకుని మనిషి కాలు గీకిన ఆ ఎమ్మే పిల్లని తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది, దాని తెలివికీ, చిక్కుకున్న దాని చున్నీకీ. అన్నీ తెలుసుకోవాలని ఎంత ఎండలో తిరిగిందో పాపం. తెలిసినదాన్ని తెలీదనే ఆ ఒక్క మాట అప్పుడే దాని నోటికి వచ్చి ఉంటే, మామ్మకీ ఆయనకీ మధ్య ఆ రోడ్డు ఉండేది కాదు.